మట్టి మార్చే ముందు వేరు చూడండి
పెరటి సాగు – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మృగశిర దాటింది, నాలుగు చినుకులు పడ్డాయి, అందరూ విత్తనాలు వేసేశారు. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా నారు గురించే, అందులోనూ ఎక్కువ మంది అడిగింది ఒకటే: మొలకలు ఎదగట్లేదు, తీసి కొత్త మట్టిలో పెడితే బతుకుతాయా అని. దక్షిణ తెలంగాణ నుంచి వచ్చిన వాటిని ఒకచోట పెట్టి చెబుతున్నాం. మొదటి ప్రశ్నకే జవాబు పొడుగైంది, మిగతావాళ్లకు అందులో చెప్పినవి మళ్లీ చెప్పలేదు, కాబట్టి అందరూ అది చదవండి.

ప్రశ్న: మాది నల్లగొండ. డాబా మీద పెరుగు డబ్బాల్లో టమాటా, మిరప విత్తనాలు వేశాను. మట్టి మా మరిది ఊళ్లో చెరువు నుంచి తెచ్చిచ్చాడు, సగానికి సగం పెంట ఎరువు కలిపాను. మొలకలు బాగానే వచ్చాయి కానీ రెండాకులు విచ్చుకున్నాక అక్కడే ఆగిపోయాయి. పొద్దున, సాయంత్రం బోరు నీళ్లు పోస్తున్నా. ఆకులు పసుపు తిరుగుతున్నాయి, కొన్నయితే రాత్రికి రాత్రే పడిపోయాయి. పక్కింటావిడ మట్టి మార్చు, అదే సర్దుకుంటుంది అంటోంది. మారిస్తే ఉన్నవి కూడా పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అక్కా, పక్కింటావిడ చెప్పింది సగం నిజమే. మార్చాలి, కానీ ఏవి మార్చాలో తేల్చుకోకుండా అన్నీ పీకి కొత్త మట్టిలో పెడితే మీరు భయపడుతున్నట్టే అవుతుంది. ముందు ఒక పని చేయండి. బాగా నీరసంగా ఉన్న మొలక ఒకటి తీసి (పోతే పోయింది, ఒకటే కదా) వేరును గిన్నెలో నీళ్లలో మెల్లగా ఆడించి మట్టి పోగొట్టి వెలుతురులో చూడండి. వేరు తెల్లగా ఉండి పక్కకు సన్నటి పోగులు వచ్చి ఉంటే మిగతావి బతుకుతాయి, మట్టి మార్చడం పనికొస్తుంది. గోధుమ రంగుకు తిరిగి, రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే పైతోలు ఊడొచ్చి లోపల దారంలాంటిది మిగిలితే ఆ వేరు కుళ్లింది. కాండం మట్టిని తాకే చోట, అంటే మెడ దగ్గర, నీరు పట్టినట్టు మెత్తబడి నొక్కుకుపోయి ఉంటే అది నారుకుళ్లు. రాత్రికి రాత్రి పడిపోయినవి ఇవే అయ్యుంటాయి. పడిపోయినదాన్ని ఏ మట్టిలో పెట్టినా లేవదు, దాని మీద ఆశ వదిలేసి డబ్బాతో సహా, మట్టితో సహా అవతల పారేయండి, ఆ మట్టిని ఇంకో కుండీలో మాత్రం పోయకండి.

ఇప్పుడు మీ మట్టి సంగతి. చెరువు మట్టి మంచిదన్న మాటలో తప్పు లేదు, ఎర్ర చల్కా పొలానికి అది నిజంగా బలమే, 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలయ్యాక ట్రాక్టర్ల కొద్దీ తోలుకున్నవాళ్లందరికీ తెలుసు. చల్కా నీళ్లు పట్టి ఉంచదు, పూడిక మట్టి పట్టి ఉంచుతుంది, రెండూ కలిస్తే పొలం బాగుపడుతుంది. కానీ మీ డబ్బాలో ఎరువు పోను ఉన్నదంతా పూడిక మట్టే. అది తడిస్తే జిగట, ఆరితే రాయి. మొలక వేరుకు నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం, ఈ మట్టిలో రోజుకు రెండుసార్లు నీళ్లు పోస్తుంటే గాలికి చోటే ఉండదు. ఒక డబ్బా తీసుకుని గ్లాసుడు నీళ్లు పోసి చూడండి, కాసేపట్లో కింది నుంచి చుక్కలు పడాలి, పైనే నిలబడి ఉంటే అర్థం చేసుకోవచ్చు. అన్నట్టు, డబ్బాలకు కింద చిల్లులు పెట్టారా? రాయలేదు కాబట్టి అడుగుతున్నా, ఈ ఒక్కటి మర్చిపోయేవాళ్లు చాలామంది ఉంటారు.

పెంట ఎరువు సగానికి సగం అన్నారు, అది చాలా ఎక్కువ. అది పూర్తిగా మాగిందో లేదో చూడటానికి గుప్పెడు తీసుకుని వాసన చూడండి. పేడ వాసన గానీ ఘాటు గానీ వస్తే పచ్చిది, చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉన్నా పచ్చిదే. పచ్చి ఎరువులోంచి వచ్చే అమ్మోనియా లేత వేళ్లను కాల్చేస్తుంది, ఆకు కొసలు ఎండినట్టు అవుతాయి. షాద్‌నగర్ వైపు నుంచి కోళ్ల ఎరువు తెప్పించుకునేవాళ్లకు కూడా ఇదే మాట, అది ఇంకా వేడి, నారు కుండీల్లోకి దాన్ని రానివ్వకండి.

మూడోది బోరు నీళ్లు. నల్లగొండ అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, తాగే నీళ్లకు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న లెక్కా మనవాళ్లకు కంఠతా వచ్చు. మొక్క విషయంలో మాత్రం ఫ్లోరైడ్ కంటే దాని వెంట వచ్చేవే ఎక్కువ ఇబ్బంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న భూగర్భ జలాల్లో సాధారణంగా కాల్షియం తక్కువ, సోడియం బైకార్బనేటు ఎక్కువ. ఆ నీళ్లే రోజూ పోస్తుంటే చిన్న డబ్బాలో మట్టి క్షార గుణానికి తిరుగుతుంది, పీహెచ్ పెరుగుతుంది, మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. డబ్బా అంచుల మీద, మట్టి పైన తెల్లటి పొర కనిపిస్తోందా? అదే దాని గుర్తు. పసుపు ఎక్కడ మొదలైందో కూడా చూడండి: కొత్తగా వచ్చే ఆకులు పసుపుగా ఉండి ఈనెలు పచ్చగా మిగిలితే ఇనుము లోపం, కింది ఆకులు ముందు పాలిపోతే నత్రజని అందట్లేదు, లేదంటే నీళ్లు ఎక్కువై వేరు పని చేయట్లేదు. మీరు రాసినదాన్ని బట్టి మీకు రెండోదే అనిపిస్తోంది. అయినా ఇకనుంచి నారుకు నల్లా నీళ్లు వాడండి, లేదా వాన నీళ్లు బకెట్‌లో పట్టుకోండి, ఈ నెలలో దానికి కొదవేమీ లేదు కదా.

కొత్త మట్టి ఇలా కలపండి. జల్లించిన ఎర్రమట్టి ఒక పాలు, కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక పాలు, వర్మీ కంపోస్టు ఒక పాలు. కోకోపీట్ దొరక్కపోతే దాని బదులు ముతక ఇసుక సగం పాలు చాలు. ఇల్లు కట్టే దగ్గర దొరికే సన్న ఇసుక వద్దు, అది సందులు మూసేస్తుంది. తట్టెడు మట్టికి గుప్పెడు వేప పిండి, అంతకు మించి ఏమీ వద్దు. డీఏపీ, యూరియా, ఇంట్లో మిగిలిన ఏ పొడీ వేయకండి. కలిపిన మట్టిని నీళ్లు చల్లి తడపండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు, ముద్దను వేలితో పొడిస్తే పొడిపొడిగా విడిపోవాలి. ఆ పదును ముందే రావాలి, పొడి మట్టిలో నాటి తర్వాత నీళ్లు పోస్తే వేరు చుట్టూ గాలి బుడగలు మిగిలి మొక్క వాడుతుంది.

నాటడం సాయంత్రం ఎండ దిగాకే. రెండు గంటల ముందు పాత డబ్బాకు నీళ్లు పోసి ఉంచండి, మీ మట్టి జిగట కాబట్టి ఇది తప్పనిసరి. డబ్బాను కత్తెరతో పక్కన కోసి తెరవండి, మొక్కను పట్టి పైకి లాగకండి. జిగట గడ్డను అలాగే తీసుకెళ్లి కొత్త మట్టిలో పెడితే వేరు ఆ గడ్డలోనే ఉండిపోతుంది, అందుకని వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి గడ్డను అందులో నానబెట్టండి, కాసేపటికి మట్టి దానంతటదే జారిపోతుంది, వేరును కొంచెం మట్టితో ఉండగానే తీసుకోండి. మొలకను ఎప్పుడూ ఆకు పట్టుకునే ఎత్తాలి. ఆకు నలిగితే ఇంకోటి వస్తుంది, కాండం నలిగితే మొక్క పోయినట్టే. మన చేతుల బలం మనకు తెలియదు, రెండు వేళ్ల మధ్య అంత సన్నటి కాండం పట్టుకోవడమంటే దాన్ని చిదమడమే. కొత్త కుండీలో పెన్సిల్‌తో గుంట చేసి వేరు మడత పడకుండా దింపి పక్క మట్టిని మెల్లగా అదమండి.

టమాటాను మొదటి జంట ఆకుల కిందిదాకా లోతుగా పెట్టొచ్చు, పూడిన కాండం నుంచి కూడా వేళ్లు పుడతాయి, దానికదే బలం. మిరపను మాత్రం పాత డబ్బాలో ఎంత లోతులో ఉందో అంతే, మహా అయితే ఒక పిసరు ఎక్కువ. నాటిన వెంటనే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (కుళ్లు తెగులు మందు) కలిపి మొదలు చుట్టూ తడిసేలా ఒక్కసారి పోయండి. పక్కనే కుళ్లిన మొక్కలున్నాయి కాబట్టి ఇది చెబుతున్నా, లేకపోతే అవసరం లేదు.

తర్వాత మూడు నాలుగు రోజులు నీడలో, గాలి తగిలే చోట. మరుసటి రోజు ఆకులు వేలాడతాయి, చూసి కంగారుపడి మళ్లీ నీళ్లు పోస్తారు చాలామంది, నాటిన మొక్కలు చచ్చేది ఎక్కువగా ఇక్కడే. పై మట్టి వేలికి పొడిగా తగిలేదాకా పోయకండి. తర్వాత పొద్దుటి ఎండ ఓ గంట, రెండు గంటలు అలవాటు చేయండి. వారం పది రోజుల్లో మధ్యలోంచి కొత్త ఆకు కదిలితే గట్టెక్కినట్టే. పాత పసుపు ఆకులు మళ్లీ పచ్చబడాలని చూడకండి, అవి అలాగే రాలతాయి. ఎరువు కొత్త ఆకులు వచ్చాకే, జీవామృతమైనా సరే అప్పుడే, అదీ బాగా పలచగా.

ఇంకొక్క మాట. మీ డబ్బాల్లో పచ్చగా, నిటారుగా ఉన్నవి ఉంటే వాటిని ఇప్పుడే కదపకండి. నీళ్లు ఒక పూటకు తగ్గించి, పై మట్టిని పుల్లతో కదిపి వదిలేయండి, వారంలో కోలుకుంటే మార్చే పనే ఉండదు. జూన్, జులైలో అయితే మొత్తం పోయినా మళ్లీ విత్తుకునే టైం ఉంది, టమాటా నారు 25 నుంచి 30 రోజుల్లో తయారవుతుంది. పది రూపాయల విత్తనం కోసం నెల రోజులు బాధపడొద్దు.

ప్రశ్న: కల్వకుర్తి దగ్గర మాది ఎకరం మిరప. నారు పోసి రెండు వారాలైంది, వానలకు మధ్యమధ్య చాపల్లాగా పడిపోతోంది. మిగిలిన నారును పీకి వేరే మడిలో మళ్లీ నాటితే కాపాడుకోవచ్చా?

జవాబు: రెండు వారాల నారును మడి మారిస్తే తెగులును కూడా మీరే మోసుకెళ్లినట్టు, ఆ పని వద్దు. తెగులు పైకి కనిపించేసరికి పక్కన పచ్చగా ఉన్నవాటి మొదళ్లలోకి కూడా వెళ్లే ఉంటుంది. పడిపోయిన చోట నారును, దాని చుట్టూ జానెడు మేర బాగున్నదాన్ని కూడా తీసి దూరంగా పారేసి, మిగతా మడంతా కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాముల చొప్పున మొదళ్లు తడిసేలా పోయండి, పైపైన పిచికారీ చేస్తే లాభం లేదు. వారం తర్వాత మరోసారి. మడి చుట్టూ కాలువ తీసి వాన నీళ్లు నిలవకుండా చేయండి, నిజానికి మందు కంటే ఇదే ముఖ్యం.

విత్తనం ఎంత వేశారో రాయలేదు. సూటి రకాలకు (హైబ్రిడ్ కానివాటికి) ఎకరానికి ఒక సెంటు మడిలో 650 గ్రాములు చల్లడం మనకు అలవాటు, మడి చిన్నది చేసి అదే విత్తనం కుక్కితే గాలి ఆడక ఈ తెగులు ఎవరికైనా వస్తుంది. మళ్లీ పోయాల్సి వస్తే మడిని జానెడు ఎత్తుగా చేయండి, కిలో విత్తనానికి 3 గ్రాముల కాప్టాన్ గానీ థైరమ్ గానీ పట్టించి వరుసల్లో విత్తండి. హైబ్రిడ్ అయితే ఆ ధరకు మడిలో చల్లడమే దండగ, 98 గుంటల ప్రోట్రేలలో కోకోపీట్ పోసి గింజకో గుంట పెడితే ఒకటి పోయినా పక్కది పోదు, నాటేటప్పుడు వేరూ తెగదు. పాలెం కృషి విజ్ఞాన కేంద్రం మీకు దగ్గరే, పడిపోయిన మొక్కలు నాలుగు మట్టితో సహా కవర్‌లో పెట్టుకుని వెళ్లి చూపించండి. ఫోన్‌లో ఫోటో పంపితే మొదలు కనిపించదు.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో అపార్ట్‌మెంట్. ఆన్‌లైన్‌లో కోకోపీట్ ఇటుక తెప్పించి నానబెట్టి ఒట్టి దాంట్లోనే వంకాయ, టమాటా వేశాను. మొలిచాయి కానీ మూడు వారాలుగా అంతే ఉన్నాయి. మట్టిలోకి మార్చాలా?

జవాబు: మార్చండి. మీకు రోగం లేదు, ఆకలి ఉంది. కోకోపీట్ నీళ్లు పట్టుకుంటుంది కానీ అందులో తిండి దాదాపు ఉండదు, గింజలో ఉన్నదంతా మొదటి జంట ఆకులతోనే అయిపోతుంది. పైగా కడగని ఇటుకలో ఉప్పు ఉంటుంది, కొబ్బరి పీచును ఉప్పు నీళ్లలో నానబెట్టే చోట్ల తయారైనదైతే మరీను. మిగిలిన కోకోపీట్‌ను గోనె గుడ్డలో కట్టి రెండు మూడు సార్లు నీళ్లు మార్చి పిండి, అప్పుడు వాడండి. మీ మొక్కలు కోకోపీట్‌లోంచి తేలిగ్గా వచ్చేస్తాయి, వేరుకు అంటుకున్నదాన్ని దులపకుండా పైన చెప్పిన మట్టి కలుపులో పెట్టండి. పది రోజుల తర్వాత నీళ్లలో కరిగే 19:19:19 ఎరువు లీటరుకు ఒక గ్రాము, వారానికోసారి. దుకాణంలో వాళ్లు ఐదు గ్రాములు చెబుతారు, అది పొలంలో ఎదిగిన మొక్కకు.

ప్రశ్న: మిర్యాలగూడలో ఉంటాం, రైసు మిల్లు బూడిద కావలసినంత దొరుకుతుంది. నారు మట్టిలో కలిపితే గుల్లగా ఉంటుందని కలిపాను, మొక్కలు పసుపు తిరిగాయి.

జవాబు: నల్లగా, ఊక ఆకారం పోకుండా సగం కాలినది అయితే మంచిదే, పదో వంతు కలపొచ్చు. తెల్లగా బూడిదైపోయినది క్షారం, మన దగ్గర నీళ్లు ఇప్పటికే ఆ తీరులో ఉంటే దానికి ఇది తోడైంది. కొత్త ఆకులే పసుపుగా ఉంటే లీటరు నీటికి రెండున్నర గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), అర గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి, పెద్ద మొక్కలకు చెప్పే 5 గ్రాముల మోతాదులో ఇది సగం. కలిపిన వెంటనే కొట్టాలి, నిల్వ ఉంచితే తుప్పు రంగుకు తిరిగి పనికిరాదు. ఆ తర్వాత నిదానంగా మట్టి మార్చుకోండి. మిగిలిన బూడిదతో గిన్నెలు తోముకోండి, మొక్కల దగ్గరికి మాత్రం తేవద్దు.

ప్రశ్న: బీర, సొర, కాకర తీగలు చిన్న కవర్లలో ముడుచుకుపోయాయి. పెద్ద కుండీల్లోకి మార్చితే మళ్లీ ఎదుగుతాయా? (దేవరకొండ)

జవాబు: వీటికి వేరు కదిలితే గిట్టదు. మూడు నాలుగు ఆకులు దాటి కవర్‌లో వేరు చుట్ట తిరిగి ఉంటే మార్చినా తీగ సాగదు, పూత ముందే వచ్చి ఆగిపోతుంది. పెద్ద కుండీలోనే రెండు గింజలు నేరుగా పెట్టండి, ఆలస్యంగా మొలిచినా అదే ముందు కాస్తుంది.

ప్రశ్న: కుండీల చుట్టూ సన్నటి నల్ల ఈగలు లేస్తున్నాయి, మట్టి మార్చినా పోలేదు. (వనపర్తి)

జవాబు: ఆ ఈగలు తడి మట్టిలో గుడ్లు పెడతాయి, వాటి పురుగులు కుళ్లిన ఆకునూ లేత వేరునూ తింటాయి. కొత్త మట్టినీ అదే తీరుగా తడుపుతుంటే అక్కడికీ వస్తాయి. పై అంగుళం ఎండనివ్వండి, పైన అరంగుళం ముతక ఇసుక పరవండి, పసుపు జిగురు అట్టలు రెండు గుచ్చండి. మిగిలిన పాత మట్టిని ఎండాకాలం దాకా దాచి, ఏప్రిల్, మేలో తడిపి నేల మీద పరిచి, అవతలిది కనిపించే పలచని పాలిథిన్ షీటు కప్పి అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. పాలమూరు ఎండకు అందులో పురుగూ మిగలదు, నారుకుళ్లు తెగులు కూడా చాలావరకు పోతుంది. నల్ల షీటు వద్దు, అది పైనే వేడెక్కుతుంది, లోపలికి వేడి దిగదు.

ప్రశ్న: వంటింటి కిటికీ దగ్గర పెంచిన టమాటా, మిరప మొలకలు జానెడు సాగి వంగిపోతున్నాయి. లోతుగా నాటితే సరిపోతుందా? (సూర్యాపేట)

జవాబు: టమాటాకు సరిపోతుంది. మరీ పొడుగైతే కింది ఆకులు గిల్లేసి కాండాన్ని మట్టిలో ఏటవాలుగా పడుకోబెట్టి కొస మాత్రం పైకి ఉంచండి, రెండు రోజుల్లో అదే నిటారుగా తిరుగుతుంది. మిరపకు అలా చేస్తే మొదలు కుళ్లే ప్రమాదం ఉంది, దాన్ని ఉన్న లోతులోనే పెట్టి చీపురు పుల్ల ఆధారంగా గుచ్చి వదులుగా దారం కట్టండి, వెలుతురులోకి తెచ్చాక వచ్చే కొత్త ఆకులు దగ్గర దగ్గరగా వస్తాయి. నేరుగా డాబా ఎండలో మాత్రం పెట్టకండి, కిటికీ నీడలో పెరిగిన ఆకు ఒక్క మధ్యాహ్నంలో తెల్లగా మాడిపోతుంది. సగం నీడనిచ్చే పచ్చ షేడ్ నెట్ ఒక మీటరు తెచ్చుకుంటే ఈ కుండీలన్నింటికీ చాలు.